కర్ఫ్యూ గంట, కుంపటి మూత

కర్ఫ్యూ అనగానే మూసేసిన దుకాణాలు, వీధుల్లో పోలీసులు గుర్తొస్తారు కదూ? ఆ మాట పుట్టింది పొయ్యి దగ్గరేనండీ! పాత ఫ్రెంచి భాషలో దాని అర్థం "నిప్పు కప్పు" అని. మధ్యయుగాల్లో ఐరోపా పట్టణాల్లో రాత్రి గంట కొట్టగానే ఇల్లాళ్ళు నిప్పుల్ని ఒక మూలకు చేర్చి, బూడిద కప్పి పడుకోవాలి. కొన్ని ఇళ్ళలో అందుకోసమే మట్టి మూతో, లోహపు మూతో ఉండేది. మన అమ్మమ్మలు కుంపట్లో నిప్పుకు నివురు కప్పి, తెల్లవారి దాన్నే రాజేసుకోలేదూ?

కప్పిన నిప్పును నమ్ముకుంటే ఏమవుతుందో లండన్ వాళ్ళనడగాలి. 1666 సెప్టెంబరు 2, ఆదివారం. అర్ధరాత్రి దాటాక పుడ్డింగ్ లేన్ అనే సందులో థామస్ ఫారినర్ అనే రొట్టెలవాడి ఇల్లు అంటుకుంది. ఇంటివాళ్ళు మేడ కిటికీలోంచి పక్కింటికి దాటారు. పనిమనిషి భయపడి ఆగిపోయింది. మొదట పోయింది ఆమె ప్రాణమే. ఎండకు ఎండిన కర్ర ఇళ్ళు, ఇరుకు సందులు, పైగా తూర్పు గాలి! పక్క ఇళ్ళు పడగొట్టి మంటకు దారి లేకుండా చేయమంటే మేయరుగారు వెనకాడారు. 13,200 ఇళ్ళు, 87 చర్చీలు బూడిదయ్యాయి.

ఆ ఊళ్ళోనే సామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగిని తెల్లవారుజామున మూడింటికి లేపి మంట చూపించింది వాళ్ళింటి పనిమనిషి జేన్. "దూరంగానే ఉందిలే" అనుకుని ఆయన మళ్ళీ పడుకున్నారట! తరవాత డబ్బూ, వెండీ బండికెత్తించారు. తోటలో గొయ్యి తీసి ద్రాక్షసారాయీ, చీజూ పాతిపెట్టారు. నవ్వొస్తుంది గానీ, గాభరాలో ఏది ముందు తీయాలో మనకు మాత్రం తోస్తుందా? ఇంటి కాగితాలన్నీ ఒకే సంచీలో ఉంటే ఆ తడుములాట ఉండదు.

పడుకునేముందు అన్ని గదులూ చూశాననీ, ఒక్క పొయ్యిలోనే నిప్పుంటే దాన్నీ సర్దేశాననీ ఫారినర్ ప్రమాణం చేశాడు. తనే అంటించానన్న రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచివాణ్ణి ఉరి తీశారు. అతని మీది నేరపత్రంలో ఫారినర్ ఇంటివాళ్ళ సంతకాలూ ఉన్నాయి. అతను లండన్ చేరింది మంటలు రేగిన రెండు రోజులకని తరవాత తేలింది!

ఇప్పుడు మనకు కప్పడానికి నిప్పు లేదు, ఆపడానికి గ్యాసుంది. రాత్రి స్టౌ ఒక్కటే కాదు, సిలిండరు మీది రెగ్యులేటరూ కట్టేయండి. గ్యాసు గాలికన్నా బరువు, నేలబారుగా పరుచుకుంటుంది. వాసనొస్తే లైటు వేయకండి, వెలుగుతున్నది ఆర్పనూ ఆర్పకండి. తలుపులూ కిటికీలూ తెరిచి, పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, అప్పుడు 1906కు ఫోను చేయండి. మంటే లేస్తే 101.