పత్తి చేలో పధ్నాలుగేళ్ల లోపు

గండికోట కొండల గండిలోంచి పెన్న బయటపడి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు సాగే దారిలో నల్లరేగడి కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ రేగడిలో పండింది దేశవాళీ పత్తి. పింజ పొట్టి, దిగుబడి తక్కువ. అయినా వాన మీదే బతికేది, రసం పీల్చే పురుగుల్ని బాగానే తట్టుకునేది. 1906లో ఎగువన నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం వెలిసేనాటికి మందు కొట్టడమనే మాట లేదు. డీడీటీ, ఎండ్రిన్ లాంటివి అప్పటికింకా రానేలేదు.

డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు. 1948లో దానికి నోబెల్ కూడా అందుకున్నాడు. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమంతో అది ఇళ్ల గోడలకెక్కింది. పొలాల్లోకి బీహెచ్‌సీ పొడి, ఎండ్రిన్ వచ్చాయి. ఎండ్రిన్ పేరు పల్లెల్లో ఎంతగా నాటుకుందంటే, తాగింది ఏ పురుగుమందైనా 'ఎండ్రిన్ తాగాడు' అనే అనేవారు.

1970లో సూరత్‌లో పత్తి శాస్త్రవేత్త సి.టి. పటేల్ హైబ్రిడ్-4 విడుదల చేశాడు. ప్రపంచంలో వ్యాపార స్థాయిలో సాగైన తొలి సంకర పత్తి అదే. దిగుబడి పెరిగింది, దాంతోపాటు పచ్చపురుగూ పెరిగింది. ఒక దశలో దేశం సాగుభూమిలో 5 శాతమే ఆక్రమించిన పత్తి, పురుగుమందుల్లో దాదాపు సగం మింగేది.

సంకర విత్తనాన్ని ఏటా కొత్తగా తయారుచేయాలి. ఆ 'సీడ్ పత్తి'కి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు పెట్టింది పేరయ్యాయి. అందులో పని చూడటానికి సులువుగానే ఉంటుంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచుకుని, రేకుల్నీ కేసరాల్నీ గోటితో గిల్లేసి, నడిమి కీలాన్ని మాత్రం మిగల్చాలి. పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి ఆ కీలం కొసకు పుప్పొడి రుద్దాలి. దీన్ని 'క్రాసింగ్' అంటారు. పూత ఉన్నన్నాళ్లూ ఒక్క రోజు కూడా మానడానికి లేదు. వంగి ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు, చాలామంది పధ్నాలుగేళ్లు నిండనివాళ్లు. చిన్న వేళ్లకైతేనే మొగ్గ నలగదని యజమానులు చెప్పేవారు. కూలి తక్కువన్న సంగతి మాత్రం చెప్పేవారు కాదు. కన్నవాళ్ల చేతిలో ముందే అడ్వాన్సు పెడితే పిల్ల ఆ సీజనంతా చేలోనే. మందు కొట్టినంత మాత్రాన మొగ్గ ఆగదు కనుక, ఆకు మీద తడి ఆరకుండానే దిగాల్సి వచ్చేది. గోళ్ల సందుల్లో చేరిన మందుతోనే అన్నం.

రొమ్ము క్యాన్సర్ ముప్పు విషయంలో ఆ వయసు ఎందుకు కీలకమో అమెరికాలోని ఓక్లాండ్ నగరం నుంచి తెలిసింది. అక్కడ 1959–67 మధ్య గర్భిణుల, బాలింతల రక్తాన్ని సేకరించి దాచారు. పరిశోధకురాలు బార్బరా కోన్ బృందం ఆ రక్తంలో డీడీటీని కొలిచి 2007లో ఫలితాలు ప్రకటించింది. డీడీటీ విరివిగా వాడకంలోకి వచ్చిన 1945 నాటికి పధ్నాలుగేళ్లు నిండనివాళ్లలో, ఆ మందు రక్తంలో ఎక్కువున్నవారికి యాభై ఏళ్లలోపే రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు, తక్కువున్నవారికంటే ఐదు రెట్లు తేలింది. అప్పటికే పెద్దవాళ్లైన స్త్రీలలో ఆ సంబంధం కనబడలేదు. నడివయసు స్త్రీల రక్తంలో డీడీటీని కొలిచిన అనేక పాత అధ్యయనాలు ఏమీ తేల్చలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. రొమ్ము కణజాలం రూపుకట్టేది ఈడొచ్చే ఏళ్లలోనే మరి. 2015లో అదే బృందం ఇంకో తరానికి వెళ్లింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి రక్తంలో ఒక రకం డీడీటీ ఎక్కువుంటే, కూతురికి ముప్పు దాదాపు నాలుగు రెట్లు.

ఓక్లాండ్ లెక్కను తెచ్చి ఈ పత్తి చేల పిల్లలకు అంటగట్టడం సరికాదు. సీడ్ పత్తిలో వాడిన మందులు చాలావరకు వేరు. అయితే వాటిలో ఒకటైన ఎండోసల్ఫాన్ ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తించి, ప్రయోగశాలలో రొమ్ము క్యాన్సర్ కణాల్ని పెంచుతుందని బోస్టన్‌లో అనా సోటో బృందం 1994లోనే చూపింది. సుప్రీంకోర్టు దాన్ని ఆపింది 2011లో. పదిహేడేళ్లంటే బడి మొహం చూడని పిల్ల తల్లయ్యేంత కాలం.

ఈ లోపు వేరే దారుల్లో కొంత మేలు జరిగింది. శాంతా సిన్హా నడిపిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పిల్లల్ని పనిలోంచి బడికి మళ్లించింది. ఉద్దేశం చదువే అయినా, విషానికీ పిల్లల ఒంటికీ మధ్య దూరం కూడా పెరిగింది. ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2000ల తొలి ఏళ్లలో వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో పత్తి పండించి, పురుగుమందుల్లేని ఊరుగా ప్రకటించుకున్నారు. తర్వాత ప్రభుత్వమే ఆ పద్ధతిని విస్తరించింది. నలభై దాటాక రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయించుకోమనే సలహా మంచిదే. కానీ అది రోగాన్ని త్వరగా పట్టుకోవడానికి పనికొస్తుంది, రాకుండా చూసే పని మాత్రం చేనిగట్టు మీదే మొదలవ్వాలి.

డీడీటీని సేద్యంలో వాడకూడదని 1989లోనే దేశం నిషేధించింది. అయితే దాని నుంచే తయారయ్యే డైకోఫాల్ నల్లి మందుగా అమ్మకంలో మిగిలింది. త్వరగా నశించని విషరసాయనాలపై దేశాల మధ్య కుదిరిన స్టాక్‌హోం ఒప్పందం 2019లో దాన్ని నిర్మూలించాల్సిన జాబితాలో చేర్చింది. మన దేశంలో దానిపై నిషేధం వచ్చింది 2023లో.