అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, పడగొట్టొద్దు

జపాన్‌కి ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలు చూడండి. ఎవరివి చూసినా అవే మూడు: ఫూజీ కొండ, బుల్లెట్ ట్రైన్, షిబుయా కూడలి. నేనూ ఆ బాపతే. నగోయాలో మూడు నెలల పని పడ్డప్పుడు, వారాంతం వస్తే టోక్యోకో క్యోటోకో పరిగెత్తడమే. ఆఖరి వారం మాత్రం డబ్బులు అయిపోవడం వల్ల (నిజం ఒప్పుకోవాలిగా) దగ్గర్లో ఏముందా అని వెతికితే కిసో లోయలో గైడ్‌తో నడిచే యాత్ర ఒకటి కనపడింది. మగోమె అనే ఊరినుంచి సుమగో అనే ఊరికి, పాత రాజమార్గం మీద, సుమారు ఎనిమిది కిలోమీటర్లు.

నాతోపాటు వచ్చిన కొలీగ్ దారిపొడుగునా ఒకటే గొణుగుడు. "ఇంత దూరమొచ్చి పాత పెంకుటిళ్ళు చూడ్డమేంటి గురూ, మా కోనసీమలో కావాల్సినన్ని ఉన్నాయి" అని. వాడి సంగతి చివర్లో చెప్తాను.

నగోయా నుంచి నకత్సుగవా దాకా రైలు, అక్కడ్నుంచి మగోమెకి బస్సు. మా గైడ్ డెబ్భై దాటిన పెద్దాయన, ఆ లోయవాడే. మేము పది మందిమి. ఆయన మొదట చూపించింది కోట కాదు, గుడి కాదు. రోడ్డు. రాళ్ళు పరిచిన, ఎక్కుడు దిగుడుగా ఉన్న ఒక మామూలు రోడ్డు.

ఆ రోడ్డు పేరు నకసెండో. క్యోటోలో చక్రవర్తి, ఎదోలో (ఇప్పటి టోక్యో) షోగన్. ఈ రెండు ఊళ్ళ మధ్య సముద్రం ఒడ్డున ఒక దారి, కొండల్లోంచి ఇంకో దారి. కొండల దారి ఇదే. 530 కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో 69 మజిలీలు. ఎదో నుంచి లెక్కపెడితే సుమగో 42వది, మగోమె 43వది. 1635లో షోగన్ ఒక రూలు పెట్టాడు. సామంత ప్రభువులు విడతలవారీగా ఎదోలో కాపురం ఉండాలి, భార్యాపిల్లలు మాత్రం ఎప్పుడూ అక్కడే ఉండాలి. తిరుగుబాటు చెయ్యకుండా బందీలన్నమాట. దాంతో రెండొందల ఏళ్ళకి పైగా ఈ దారిమీద ప్రభువుల ఊరేగింపులు. ప్రతి మజిలీలో వాళ్ళకో విడిది, మందీమార్బలానికి సత్రాలు. కిసో ఫుకుషిమాలో చెక్‌పోస్టు. అక్కడ తనిఖీ చేసేది ముఖ్యంగా రెండిటికోసం: ఎదోవైపు వెళ్ళే తుపాకులు, ఎదోనుంచి బయటికొచ్చే ఆడవాళ్ళు.

ఇదంతా ఏ టూరిస్టు బ్రోషర్‌లోనైనా ఉంటుంది. ఊరేగింపులు, కత్తులు, పల్లకీలు. చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి అదే అమ్ముతారు. మా పెద్దాయన మాత్రం మధ్యలో ఆగి ఒక ప్రశ్న వేశాడు: మరి ఆ సామాన్లు మోసిందెవరు?

కిసో లోయలోని పదకొండు మజిలీల్లో ఒక్కొక్కటీ రోజుకి 25 మంది మనుషుల్నీ 25 గుర్రాల్నీ సిద్ధంగా ఉంచాలి. మామూలు రోజుల్లోనే అది భారం. పెద్ద ఊరేగింపు వస్తే ఏమూలకీ చాలదు. అప్పుడు చుట్టుపక్కల పల్లెలకి తాఖీదులు వెళ్ళేవి, ఇంతమంది మనుషులు, ఇన్ని గుర్రాలు పంపండి అని. కూలి ఇచ్చేవారు గానీ, ఆ రేటు సర్కారు నిర్ణయించినదే. కోతల టైమైనా, నాట్ల టైమైనా వెళ్ళాల్సిందే. మన భాషలో చెప్పాలంటే వెట్టికి ఒక మెట్టు పైన. 1861లో చక్రవర్తి చెల్లెలు కజునోమియాని షోగన్‌కిచ్చి పెళ్ళి చెయ్యడానికి ఈ దారినే తీసుకెళ్ళారు. వేలాదిమంది పరివారం. పుస్తకాల్లో అది రాజకీయ వివాహం, రెండు అధికార కేంద్రాల సంధి. దారిలో ఉన్న పల్లెలకి అదో పిడుగు.

సరే, అసలు కథకొద్దాం. అసలు కథ రోడ్డుది కాదు, చెట్లది.

మగోమె కొండ దాటాక దారి చీకటిగా ఉండే అడవిలోకి దిగుతుంది. హినోకి అనే చెట్టు. సైప్రస్ జాతి, నిటారుగా పెరుగుతుంది, కలప చెదలకీ తేమకీ లొంగదు, వాసన గంధంలా కాదుగానీ అంత బాగుంటుంది. 1600ల మొదట్లో కోటలూ పట్టణాలూ కట్టడానికి ఈ లోయలో చెట్లన్నీ నరికేశారు. కొండలు బోడులయ్యేసరికి, లోయకి యజమానులైన ఒవారి ప్రభువులు 1665లో కళ్ళు తెరిచి నరకడం మీద ఆంక్షలు పెట్టారు. 18వ శతాబ్దం మొదటి సగానికల్లా ఐదు రకాల చెట్లు నిషిద్ధం. శిక్ష ఏంటో ఆ ప్రాంతపు నానుడిలోనే ఉంది: చెట్టుకో తల. ఒక చెట్టు కొడితే ఒక తల ఎగిరిపోతుంది.

ఇక్కడ నాకు కాసేపు బుర్ర తిరిగింది. ఎందుకంటే ఆ నిషేధం పనిచేసింది! ఇవాళ మనం ఆహా ఓహో అంటూ ఫోటోలు తీసుకునే ఆ అడవి దానివల్లే మిగిలింది. ఇసే దేవాలయాన్ని ఇరవై ఏళ్ళకోసారి కొత్తగా కట్టడానికి కావాల్సిన కలపలో ఎక్కువ భాగం కిసో నుంచే వస్తుంది. పర్యావరణం అంటూ ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి ఇదో మంచి ఉదాహరణ. కానీ ఎవరి తలలతో ఆ అడవి నిలబడిందో వాళ్ళ ఇళ్ళు మాత్రం నాసిరకం కలపతోనే కట్టుకోవాల్సొచ్చింది. ఇంటి వెనక ప్రపంచంలోకెల్లా మంచి కలప, ముట్టుకుంటే చావు.

1868లో మెయిజీ విప్లవం వచ్చింది. షోగన్ పోయాడు, చక్రవర్తి వచ్చాడు. ఇక మంచిరోజులే అనుకున్నవాళ్ళలో మగోమె గ్రామపెద్ద షిమజాకి మసాకి ఒకడు. మన పాత మునసబు గారనుకోండి. ప్రభువులు దిగే విడిది కూడా వాళ్ళ ఇల్లే. చక్రవర్తి పాలన అంటే ధర్మరాజ్యం అని మనసా వాచా నమ్మినవాడు. కొత్త ప్రభుత్వం ఏం చేసింది? పాత ప్రభువు కనీసం కొన్ని కొండల్లోకి జనాన్ని కట్టెలకి వెళ్ళనిచ్చేవాడు. కొత్త సర్కారు చాలా భాగాన్ని ప్రభుత్వ అడవి అనేసి దాన్నీ మూసేసింది. ఊళ్ళ తరఫున మసాకి అర్జీలు పెట్టాడు. అడవి రాలేదు సరికదా, ఉన్న పదవి ఊడింది. 1874లో టోక్యోలో, బండిలో వెళ్తున్న చక్రవర్తి వైపు తాను పద్యం రాసిన విసనకర్ర విసిరి అరెస్టయ్యాడు. చివరికి మతి చలించి, తన పూర్వీకులు కట్టించిన గుడికే నిప్పుపెట్టబోయాడు. ఇంటివాళ్ళే చిన్న గదిలో పెట్టి తాళం వేశారు. 1886లో అందులోనే పోయాడు.

ఆయన చిన్నకొడుకే షిమజాకి తోసన్, ఆధునిక జపాన్ సాహిత్యంలో పెద్ద పేరు. తండ్రి కథనే నవలగా 1929 నుంచి 1935 దాకా రాశాడు. పేరు 'యొఆకె మాయె', తెల్లవారకముందు అని అర్థం. మగోమెలో వాళ్ళ పాత విడిది ఉన్నచోట ఇప్పుడు తోసన్ స్మారక భవనం ఉంది. 1947లో, యుద్ధం ముగిసి తినడానికే లేని రోజుల్లో, ఊరివాళ్ళు తామే కూలిపని చేసి కట్టారు దాన్ని. అన్నట్టు మగోమె 1895లోనూ 1915లోనూ తగలబడింది. మనం చూసేది చాలావరకు తర్వాత కట్టిందే. పాతదనం నిజంగా ఉన్నది సుమగోలో.

సుమగో ఎలా మిగిలింది? గొప్పతనం వల్ల కాదు, దరిద్రం వల్ల. 1911లో పూర్తయిన రైలుమార్గం కిసో నది వెంబడి పోయింది, ఊరిని పక్కన పెట్టేసింది. బోయీలకి పనిలేదు, సత్రాలకి బేరం లేదు. కొత్త ఇల్లు కట్టుకునే డబ్బు ఎవరికీ లేదు కాబట్టి పాత ఇళ్ళు అలాగే ఉండిపోయాయి. (బడ్జెట్ లేక ఎవరూ ముట్టుకోని పాత సిస్టమ్ లాగా. మీలో ఒకరిద్దరు అలాంటిది ఇప్పుడు కూడా మెయింటెయిన్ చేస్తూనే ఉంటారు.) 1960లకి కుర్రాళ్ళంతా నగరాలకి వెళ్ళిపోయారు. ఊరు ఇక మూతపడటమే తరువాయి.

అప్పుడు టౌన్ ఆఫీసులో పనిచేసే కొబయషి తోషిహికో అనే ఉద్యోగి, టోక్యో యూనివర్సిటీలో వాస్తు చరిత్ర ప్రొఫెసర్ ఒటా హిరోతరో, ఊరి జనం కలిసి ఒక పిచ్చి ఆలోచన చేశారు. ఒక గుడినో కోటనో కాదు, మామూలు మనుషుల వీధిని వీధిగానే కాపాడదామని. 1968లో మెయిజీ శతాబ్ది నిధులతో మొదలెట్టారు, ఊరివాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. 1970లో జపాన్ రైల్వే 'డిస్కవర్ జపాన్' అని ప్రచారం మొదలుపెట్టేసరికి, మ్యాగజైన్లు చేత్తో పట్టుకున్న పట్నం అమ్మాయిలు గుంపులు గుంపులుగా దిగారు. వాళ్ళ వెనకాలే, స్థలాలు కొనేవాళ్ళూ వస్తారుగా.

అక్కడే ఊరివాళ్ళు తెలివైన పని చేశారు. 1971లో అందరూ కూర్చుని మూడు ముక్కల్లో ఒక కట్టుబాటు రాసుకున్నారు. ఇల్లూ పొలమూ కొండా ఏదైనా సరే: అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, పడగొట్టొద్దు. తర్వాత 1975లో చట్టం మారి, 1976లో దేశం మొత్తం మీద మొదటి విడత ఏడు ప్రాంతాలని రక్షిత ప్రాంతాలుగా ఎంపిక చేస్తే అందులో సుమగో ఒకటి. రక్షణ వీధికి మాత్రమే కాదు, చుట్టూ ఉన్న కొండలతో కలిపి సుమారు 1,245 హెక్టార్లు. ఇవాళ మెయిన్ వీధిలో పగటిపూట కార్లు రావు, ఇళ్ళ ముందు కరెంటు తీగలు కనపడవు.

నాకు ఇందులో నచ్చిన పాయింటు ఒకటుంది. ఆ లోయ చరిత్ర అంతా నిషేధాల చరిత్రే. ప్రభువు నరకొద్దన్నాడు. సర్కారు అడుగుపెట్టొద్దంది. మూడో నిషేధం కూడా 'వద్దు' అనే అంది, ఒకటికి మూడుసార్లు. కానీ ఈసారి ఆ మాట అన్నది ఊరివాళ్ళే, అన్నదీ తమకి తామే. మొదటి రెండూ అడవిని కాపాడి మనుషుల్ని పక్కన పెట్టాయి. మూడోది మనుషుల చేతిలో ఊరిని ఉంచింది. సుమగో వీధిలో వకిహొంజిన్ ఒకుయా అని ఒక విడిది ఉంది. నిషేధం పోయిన తర్వాత 1877లో ఆ ఇంటివాళ్ళు దాన్ని హినోకి కలపతో తిరగకట్టారు. ఆ దూలాలు చూస్తే కసితీరా కట్టారనిపించింది. డబ్బున్నవాళ్ళు కాబట్టి కట్టుకోగలిగారు, అది వేరే సంగతి.

అలాగని అంతా బాగుందని చెప్పను. అద్దెకివ్వొద్దు అనే మాట 1971లో కవచం. ముసలివాళ్ళు ఎక్కువైపోయి, పిల్లలు నగోయాలో స్థిరపడిపోయాక అదే మాట ఖాళీ ఇంటికి తాళం అవుతుంది. బయటనుంచి వచ్చి ఉంటానన్న కుర్రజంటకి ఇల్లు ఎలా ఇస్తారు? కోవిడ్‌కి ముందు సంవత్సరాల్లోనే ఈ దారిలో నడిచేవాళ్ళలో సగానికి పైగా విదేశీయులు. సాయంత్రం చివరి బస్సు వెళ్ళిపోయాక వీధి ఖాళీ. చూసేవాళ్ళున్నారు, ఉండేవాళ్ళు తగ్గుతున్నారు. తమకి తాము రాసుకున్న రూలుకి ఒక సుగుణం ఏంటంటే దాన్ని తామే మార్చుకోవచ్చు. మారుస్తారా, ఎలా మారుస్తారు అన్నది వాళ్ళ ఇష్టం.

గైడ్‌తో యాత్రల గురించి కూడా ఒక మాట. నకసెండో మీద విదేశీయుల్ని ఇలా నడిపించడం 1992లో హాంగ్‌కాంగ్ యూనివర్సిటీ అధ్యాపకులు మొదలుపెట్టారు, వాక్ జపాన్ అనే పేరుతో. అప్పట్నుంచీ ఇది పెద్ద వ్యాపారమే అయింది. డబ్బులు దండగ అనుకునేవాణ్ణి. బోర్డులుంటాయి, ఫోన్లో మ్యాప్ ఉంటుంది, ఇంకెందుకు? కానీ బోర్డు మీద విడిదిలో ఎవరు దిగారో ఉంటుంది. మోసినవాడి భుజం సంగతి, చెట్టుకో తల సంగతి, తాళం వేసిన గదిలో పోయిన మునసబు సంగతి చెప్పాలంటే మనిషే కావాలి. మీరు వెళ్తే ఆ లోయవాడు గైడ్‌గా ఉన్న యాత్రే ఎంచుకోండి. ప్రభువుల కథ ఐపోగానే, మరి మోసిందెవరు అని మీరే అడగండి.

(శాకాహారులకి ముఖ్య గమనిక: సోబా పులుసులో చేపల రసం ఉంటుంది. గోహె మోచి అని అన్నం ముద్దకి అక్రోటు, మిసో పూసి నిప్పులమీద కాలుస్తారు. పూతలో ఏముందో అడిగి లాగించండి. దారి మధ్యలో పాత టీ ఇంట్లో ఊరివాళ్ళు ఊరికే టీ పోస్తారు, డబ్బాలో తోచింది వెయ్యండి.)

ఇంతకీ మా కొలీగ్. ఆ టీ ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని మసిపట్టిన దూలాలకేసి చాలాసేపు చూశాడు. వాళ్ళ తాతగారి మండువా లోగిలి ఇలాగే ఉండేదట. పంపకాల్లో తెమలక పడగొట్టి, టేకు స్తంభాలు, తలుపులు ఎవరో వచ్చి లారీలో వేసుకెళ్ళారట. ఎంతకి అమ్మారో వాడికి గుర్తుంది. ఎన్ని స్తంభాలో గుర్తులేదు.

"ఒక్క ఫోటో కూడా లేదు గురూ" అన్నాడు. తిరుగు ప్రయాణంలో రైల్లోంచే వాళ్ళ పెద్దమ్మకి ఫోన్ చేసి, పాత పెళ్ళి ఆల్బమ్‌లో ఇల్లు ఎక్కడైనా పడిందేమో చూడమని అడిగాడు. ఆవిడ ఇంకా వెతుకుతోంది.