రాజవిగ్రహం నుండి సీసపు గుండ్లు: లిచ్‌ఫీల్డ్ ఇంటి పోతలో మూస కొలత

1776 జూలై 9వ తేదీన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను న్యూయార్కులోని సేనల ఎదుట చదివి వినిపించారు. ఆ సాయంకాలమే సైనికులూ పౌరులూ గుమిగూడి, బౌలింగ్ గ్రీన్ ఉద్యానంలోని మూడవ జార్జి అశ్వారూఢ విగ్రహానికి తాళ్ళు కట్టి నేల కూల్చారు. జోసెఫ్ విల్టన్ అనే శిల్పి లండనులో రూపొందించిన ఈ విగ్రహం 1770లో ప్రతిష్ఠితమైంది. పైకి బంగారు పూత ఉన్నా లోపలిదంతా సీసమే. అప్పటి వలసలలో సీసానికి కరవు. తుపాకిమందు ఎంత అవసరమో గుండు కూడా అంతే అవసరం. అందువల్ల విగ్రహపు తునకలు పడవమీద కనెక్టికట్ తీరానికీ, అక్కడనుండి బండ్లమీద లిచ్‌ఫీల్డ్ గ్రామంలోని ఆలివర్ వుల్కాట్ ఇంటికీ చేరాయి. వుల్కాట్ స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకడు, కనెక్టికట్ సేనాధికారి.

ఈ కథను చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఒక్క వాక్యంలో ముగిస్తాయి: రాజు విగ్రహం కరిగి 42,088 గుండ్లయింది. వాక్యం బాగుంది కాని, ఆ సంఖ్య ఎక్కడిదో, అది దేనిని లెక్కిస్తున్నదో విచారించినవారు తక్కువ. వుల్కాట్ కాగితాలలో నిలిచిన లెక్కను చదివితే విషయం మరొక విధంగా కనబడుతుంది. మిసెస్ మార్విన్ 6,058. రూత్ మార్విన్ 11,592. లారా వుల్కాట్ 8,378. మేరీ ఆన్ వుల్కాట్ 10,790. ఫ్రెడరిక్ వుల్కాట్ 936. మిసెస్ బీచ్ 1,802. ఇతరులు చేసినవి 2,182. అపాయ సమయంలో లిచ్‌ఫీల్డ్ దళానికి ఇచ్చినవి 50. కల్నల్ విగిల్స్‌వర్త్ పటాలానికి ఇచ్చినవి 300. కూడితే సరిగ్గా 42,088. పేరు చెప్పిన స్త్రీల వంతే 38,620, అనగా నూటికి 91కి పైగా. లారా అనే పేరు తల్లికీ కూతురికీ కూడా ఉంది. లెక్కలోని లారా కూతురేనని గ్రహించడం వాడుక. మేరీ ఆన్ 1765లో పుట్టిన బాలిక. ఆమె తమ్ముడు ఫ్రెడరిక్ పుట్టినది 1767లో.

ఈ లెక్కలో సంఖ్యల కంటె ముందు గమనించవలసినది ఒక పదం. అందులో లెక్కించినవి కేవలం గుండ్లు కావు, తూటాలు. తెలుగులో ఈ భేదం స్పష్టమే. గుండు పోతపని ఫలం. గుండునూ మందునూ కాగితంలో చుట్టి, చివర మడిచి కట్టినది తూటా. గుండు పోయడానికి కుంపటి, గరిటె, మూస కావాలి. తూటా చుట్టడానికి కాగితం, కర్ర, ఓపిక కావాలి. చరిత్రకారులు తూటాను గుండుగా మార్చి చెప్పినప్పుడు రెండు పనులు ఒకటైపోయాయి. పదకొండేళ్ళ పిల్ల 10,790 గుండ్లను పోసిందనుకోవడం కంటె అన్ని తూటాలను చుట్టిందనుకోవడం సులభం. అలాగని పోత వేరొకచోట జరిగిందనడానికీ ఆధారం లేదు. వుల్కాట్ ఇంటి వెనుక తోటలోనే సీసం కరిగించారన్నది ఆ ఊరి పరంపర. ఒకే ఆవరణలో రెండు పనులూ సాగినవనడమే ఉచితం.

ఇక మూస సంగతి. తెలుగులో మూస అంటే లోహం కరిగించే పాత్ర, పోత పోసే అచ్చు అనే రెండర్థాలూ ఉన్నాయి. ఇక్కడ రెండవదే ప్రస్తుతం. నాటి ఇళ్ళలో వాడిన గుండు మూస పట్టకారు వంటిది. రెండు దవడలలోనూ అర్ధగోళాకారపు గుంటలు ఉంటాయి; దవడలు మూస్తే గోళం ఏర్పడుతుంది, పైన మూతిలోనుండి సీసం పోస్తారు. సేనలకు పెద్దయెత్తున పోయడానికి ఒకే వరుసలో అనేక గుంటలున్న ఇత్తడి మూసలు కూడా ఉండేవి. ఈ గుంటను తొలిచేది గోళాకారపు కోతపనిముట్టు. దానిని రెండు దవడల నడుమ ఉంచి తిప్పుతూ, మెల్లగా దవడలను దగ్గరకు నొక్కుతారు. కనుక గుండు కొలత పోత పోసేవారి చేతిలో కంటె ఆ పనిముట్టు కొలతలోనే ఎక్కువగా ఉంది. ఇంకొక చిక్కు: మూసను పెద్దది చేయవచ్చు, చిన్నది చేయలేరు. గుండు చిన్నదైతే మరి కొంచెం పెద్ద పనిముట్టుతో తిరిగి తొలుస్తారు. పెద్దదైతే ఆ మూస ఆ తుపాకికి పనికిరాదు.

కొలత తప్పడానికి మూసే కారణం కానక్కరలేదు. దవడల నడుమ సీసపు పలుకు చిక్కుకొంటే అవి పూర్తిగా మూసుకోవు; గుండుకు అతుకు వెంబడి రెక్క లేస్తుంది, ఆ దిక్కున వ్యాసం పెరుగుతుంది. మూస చల్లగా ఉంటే గుండు ముడుతలు పడుతుంది. కాబట్టి మొదటి కొన్నిటిని తిరిగి గరిటెలో వేయడమే పద్ధతి. సీసం గట్టిపడేటప్పుడు పరిమాణంలో సుమారు నూటికి మూడున్నర వంతు తగ్గుతుంది. మూతి దగ్గర నిలిచిన ద్రవం ఆ లోటును పూరించకపోతే లోపల బొల్లి ఏర్పడుతుంది. తరువాత మూతికాడను కత్తిరించాలి.

వేటగాని రైఫిలుకు ఈ కచ్చితత్వం ప్రాణం వంటిది. పెన్సిల్వేనియా కమ్మరులు తుపాకితో పాటు దానికే సరిపోయే మూసను చేసి ఇచ్చేవారు. సైనికుని మస్కెట్టు సంగతి వేరు. బ్రిటిషు మస్కెట్టు గొట్టం లోవ్యాసం సుమారు 0.75 అంగుళం, అందులో వేసే గుండు 0.69; ఫ్రెంచి దానికి గొట్టం 0.69, గుండు 0.63 నుండి 0.65. నాలుగైదు కాల్పులకే గొట్టంలో మసి పేరుకొంటుంది. యుద్ధంలో గుండు దిగకపోవడం కంటె వదులుగా ఉండడమే మేలు. ఆ ఎడాన్ని కొంతవరకు తూటా కాగితం నింపుతుంది. కాబట్టి ఇంటి మూసలోని స్వల్ప దోషాన్ని తూటా భరించింది. లిచ్‌ఫీల్డ్ పని సాధ్యం కావడానికి ఇది ముఖ్య కారణం.

విగ్రహపు బరువు 4,000 పౌనులని పరంపర. ఆ సీసమంతా 42,088 గుండ్లయిందనుకొంటే పౌనుకు పదిన్నర గుండ్లు. ఒక్కొక్కటి 43 గ్రాములు. శుద్ధ సీసపు సాంద్రతనుబట్టి అట్టి గుండు వ్యాసం 0.76 అంగుళం. బ్రిటిషు గొట్టంలో కూడా అది పట్టదు. కనుక ఆ వాక్యం, అక్షరాలా తీసుకొంటే, నిలవదు. గుండు 0.69 అంగుళమైతే కావలసిన సీసం సుమారు 2,970 పౌనులు, 0.64 అయితే సుమారు 2,370. అమెరికన్ సేనలో పెద్ద గుండుతో పాటు చిన్న రవ్వలు చేర్చే అలవాటు ఉంది. తూటాకు 0.30 అంగుళపు రవ్వలు మూడేసి వేసినా మరి 730 పౌనులే పెరుగుతుంది. బరువు పరంపర అతిశయోక్తి అయినా కావాలి, లేదా కొంత సీసం లిచ్‌ఫీల్డు మూసలను చేరనే లేదు.

రెండవదానికి సాక్ష్యాలున్నాయి. విగ్రహపు తలను బ్రిటిషు పక్షంవారు తిరిగి చేజిక్కించుకొని ఇంగ్లండుకు పంపారు. కనెక్టికట్‌లోని విల్టన్ అనే ఊరి పొలాలలో, నీటిమడుగులలో విగ్రహఖండాలు తరువాతి కాలంలో బయటపడ్డాయి. శిల్పి పేరూ ఊరి పేరూ ఒకటే కావడం కేవలం కాకతాళీయం. గుర్రపు తోక న్యూయార్కు చారిత్రక సంఘంవారి సంగ్రహంలో ఉంది. బండ్లు దారిలో ఆగినప్పుడు రాజభక్తులు వాటిని దొంగిలించి దాచారని స్థానికుల కథనం.

పురాతత్త్వజ్ఞులు యుద్ధభూములలో దొరికిన గుండ్లను, చప్పిడిపడినవాటిని సైతం, తూచి వాటి అసలు వ్యాసాన్ని గణిస్తారు. పైన చేసిన గణితమే అది, తలక్రిందుగా. లిచ్‌ఫీల్డ్ లెక్కకు మూస కొలత జతపడలేదు. వ్రాసినవానికి కావలసినది తూటాల సంఖ్య, ఎవరి చేత ఎన్ని అయినవి అన్న పట్టిక. ఫ్రెడరిక్ చేసిన 936 కూడా అందులో వేరు వరుసగానే నమోదయింది, ఇతరులలో కలిపివేయలేదు.