నక్కల రాత్రివేట (బ్రిటన్)

బ్రిటన్‌లో గొర్రెలు ఈనే వసంతకాలంలో ఎర్రనక్కల బెడద తప్పించడానికి రైతులు రాత్రిళ్లు తుపాకీతో చేసే వేట. దీన్ని ల్యాంపింగ్ అంటారు. సెర్చిలైటు తిప్పుతుంటే చీకట్లో నక్క కళ్లు తళుక్కుమంటాయి. రెటీనా వెనకనున్న పొర వెలుతురును తిప్పికొట్టడమే కారణం. చిక్కేమిటంటే గొర్రె కళ్లూ, కుక్క కళ్లూ అలాగే మెరుస్తాయి. అందుకే ఒళ్లంతా కనబడి, ఫలానా జంతువని తేల్చుకున్నాకే, వెనక తూటాను ఆపే మట్టిగట్టు ఉంటేనే కాల్చాలి. .223 క్యాలిబర్ వంటి రైఫిళ్లు వాడతారు. 1968 నాటి ఆయుధ చట్టం కింద వీటికి పోలీసుల సర్టిఫికెట్ తప్పనిసరి. లైటుకు బెదిరే తెలివిమీరిన నక్కల కోసం ఇప్పుడు ఒంటి వేడిని పసిగట్టే థర్మల్ స్కోపులు వచ్చాయి. నిజానికి చచ్చే గొర్రెపిల్లల్లో ఎక్కువ భాగం చచ్చేది నక్కల వల్ల కాదు, చలి, ఆకలి, రోగాల వంటి కారణాల వల్ల.