చేరిన డెల్టా, చేరని నంద్యాల: 1947 సంఘైక్యతపై ఒక పరిశీలన

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దోర్నకల్ అధ్యక్షఖండంలోని ఆంగ్లికన్ సంఘాలన్నీ ఒకే దారి పట్టలేదు. కృష్ణా డెల్టా సంఘాలు చేరాయి. నంద్యాల ప్రాంతంలో అధికభాగం వెలుపలే నిలిచింది. రెండింటికీ బిషప్పుగా ఉన్నది వి.ఎస్. అజరయ్యే. 1919 తరంగంబాడి సమావేశం నుండి ఐక్యతకై శ్రమించిన ఆయన 1945 జనవరి 1న మరణించారు. ఆంగ్లికన్ మహాసభ పథకాన్ని ఆమోదించింది ఆ నెలలోనే.

భేదానికి మూలం మిషను సంప్రదాయాలలో ఉంది. 1841లో నోబుల్, ఫాక్స్‌లు మచిలీపట్నంలో ప్రారంభించిన సి.ఎం.ఎస్. సువార్తవాద ధోరణిది. నంద్యాలలోని ఎస్.పి.జి.కి బిషప్పుల పారంపర్యమే ప్రాణం. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్, మెథడిస్టు గురువులను పునరభిషేకం లేకుండానే అంగీకరించాలన్నది పథకంలోని నియమం. ఆపై అభిషేకాలన్నీ బిషప్పులే చేయాలి. ప్రెస్బిటేరియన్లు రెండవదానికి తలవంచారు, నంద్యాల మొదటిదానికి తలవంచలేదు. అలవాటులేని ఆరాధనను, గురువులను ఏ సంఘంపైనా రుద్దబోమన్న హామీ కూడా చాలలేదు. దీనిని కేవలం మొండితనమనడం అన్యాయం. అయితే అది పల్లె విశ్వాసుల నిర్ణయమా, మిషనరీలదా అన్నది మిషను లేఖనాల ఆధారంగా మాత్రమే తేల్చదగినది కాదు.

1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్షఖండమైంది. 1970లో, విచిత్రంగా, రాయలసీమ సంఘాలు ఉత్తర ఇండియా సంఘంలో భాగమయ్యాయి! 1975లో గాని దక్షిణ ఇండియా సంఘంలో చేరలేదు. కృష్ణా-గోదావరి అధ్యక్షఖండం, నంద్యాల నేడు ఒకే సినడులో ఉన్నాయి. కృష్ణకు ఆవలి గుంటూరు లూథరన్లు మాత్రం నేటికీ వెలుపలే ఉన్నారు.