ఎయిర్‌బ్యాగుల లోపాలు - రీకాల్‌పై వాహన యజమానుల అప్రమత్తత అవసరం

రోడ్డు ప్రమాద సమయంలో వాహనంలోని వారిని కాపాడే పరికరాలలో ఎయిర్‌బ్యాగు ముఖ్యమైనది. అయితే తయారీలో లోపం ఉన్నట్లయితే, కాపాడవలసిన పరికరమే ప్రాణాపాయానికి కారణం కాగలదు. జపాన్‌కు చెందిన తకాటా సంస్థ ఎయిర్‌బ్యాగుల ఉదంతం ఇందుకు నిదర్శనం. లోపం బయటపడినంత మాత్రాన ముప్పు తొలగదని, ప్రతి యజమాని తన వాహనాన్ని తనిఖీ చేయించినప్పుడే ఫలితం ఉంటుందని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

లోపం ఎక్కడ?

వాహనం బలంగా ఢీకొన్నపుడు ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బాలోని రసాయనం మండి, వెలువడిన వాయువుతో సంచి రెప్పపాటులో ఉబ్బుతుంది. తకాటా సంస్థ ఇందుకు అమ్మోనియం నైట్రేట్‌ను వినియోగించింది. తేమను పీల్చుకొనే పదార్థం లేని ఇన్‌ఫ్లేటర్లలో ఈ రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై క్షీణించింది. అది మితిమీరిన వేగంతో మండినపుడు డబ్బా పగిలి, లోహపు ముక్కలు సంచిని చీల్చుకొని మెడ, ముఖం, ఛాతీ భాగాలను గాయపరచాయి. స్వల్ప ప్రమాదాలలో సైతం మరణాలు సంభవించాయి.

అమెరికాలో 2008లో సుమారు 4,000 కార్లతో మొదలైన రీకాల్ క్రమంగా 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లకు విస్తరించింది. 2024 చివరి నాటికి ఆ దేశంలో 28 మంది మరణించినట్లు అక్కడి రహదారి భద్రతా సంస్థ ధ్రువీకరించింది. 2017లో తకాటా నేరాన్ని అంగీకరించి 100 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. అదే ఏడాది దివాలా తీసింది. భారతదేశంలో కూడ ఈ ఇన్‌ఫ్లేటర్లు ఉన్న కార్లను తయారీదారులు వెనుకకు పిలిచి, ఉచితంగా మార్చారు.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా 110ఎ సెక్షన్ చేర్చబడినది. డ్రైవరుకు, ప్రయాణికులకు లేదా ఇతరులకు హాని కలిగించే లోపం ఉన్న వాహనాలను వెనుకకు తీసుకొనవలసినదిగా తయారీదారులను కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. అట్టి సందర్భంలో వాహనాన్ని బాగుచేయడం, మార్చి ఇవ్వడం లేదా పూర్తి ధర తిరిగి చెల్లించడం తయారీదారుల బాధ్యత. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం తప్పనిసరి రీకాల్‌కు 10 లక్షల నుండి 1 కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. లోపాన్ని తామే గుర్తించి స్వచ్ఛందంగా తెలియజేసిన తయారీదారులకు ఈ జరిమానా ఉండదు. లోపభూయిష్టమైన వస్తువు వలన గాయపడినవారు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద నష్టపరిహారం కోరవచ్చు.

యజమానులు పాటించవలసిన జాగ్రత్తలు

* రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని ఛాసిస్ నంబరును కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో చూపించి, వాహనం రీకాల్ జాబితాలో ఉన్నదీ లేనిదీ తెలుసుకోవాలి.

* సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు ఈ విషయంలో మరింత శ్రద్ధ వహించాలి. కంపెనీ పంపే నోటీసు పాత యజమాని చిరునామాకే చేరే అవకాశం ఉన్నది.

* ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం కారు స్టార్టు చేసిన కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే తక్షణమే తనిఖీ చేయించాలి. అయితే ఇన్‌ఫ్లేటరులోని రసాయనం క్షీణించిన విషయాన్ని ఈ దీపం తెలుపజాలదు. కనుక దీపం ఆరినదని నిశ్చింతగా ఉండరాదు.

* పాత వాహనాల నుండి తీసిన ఎయిర్‌బ్యాగులను అమర్చుకోరాదు. శిక్షణ లేని మెకానిక్‌లచే విప్పించరాదు.

* ఎయిర్‌బ్యాగు ఉన్నప్పటికీ సీటు బెల్టు తప్పక ధరించాలి. చిన్నపిల్లలను వెనుక సీటులోనే కూర్చుండబెట్టాలి.

వేడి, తేమ అధికంగా గల ప్రాంతాలలో ఈ లోపం త్వరగా ముదురుతుంది. అందువలన కోస్తా జిల్లాలలో పాత కార్లు వాడుతున్నవారు తనిఖీని వాయిదా వేయరాదు. రీకాల్ క్రింద చేసే మరమ్మతుకు రుసుము చెల్లించనవసరం లేదు. లోపాలపై ఫిర్యాదులను వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో నమోదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను కూడ సంప్రదించవచ్చు.