రాజరికం నిలిచిన చోట, తొలగిన చోట: హైదరాబాదు సంస్థాన అనుభవం

బ్రిటన్, స్వీడన్, జపాన్, థాయ్‌లాండ్‌లలో నేటికీ రాజులున్నారు. ఫ్రాన్స్ 1792లో, చైనా 1912లో, మన పొరుగున ఉన్న నేపాల్ 2008లో రాజరికాన్ని వదులుకున్నాయి. దీనికి ప్రజల స్వభావమే కారణమని, కొందరికి రాజభక్తి ఎక్కువని చెప్పడం సులభం. కాని చరిత్ర విద్యార్థి అంతటితో తృప్తి పడకూడదు. ఫ్రెంచివారు రాజును తొలగించడానికి దాదాపు నూటయాభై ఏళ్ల ముందే, 1649లో, ఆంగ్లేయులు తమ రాజుకు శిరచ్ఛేదం చేశారు. అయినా నేడు రాజు ఉన్నది ఇంగ్లండులోనే. కనుక ప్రశ్నను మరో విధంగా వేసుకుందాం. రాజుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది? అందుకోసం ఆయన ఎవరిని అడగవలసి వచ్చేది?

ఇంగ్లండులో పన్ను వేయాలంటే రాజు పార్లమెంటును అడగాలి. 1689 హక్కుల ప్రకటన దీన్ని చట్టంగా స్థిరపరచింది. అడిగిన ప్రతిసారీ రాజు కొంత అధికారం వదులుకోవలసి వచ్చింది. చివరికి సింహాసనం మిగిలింది, పాలన మాత్రం మంత్రుల చేతికి వెళ్లింది. ఫ్రాన్సులో 1614 తరువాత 1789 వరకు ప్రతినిధుల సభను పిలవనే లేదు. ఖజానా ఖాళీ అయ్యాక పిలిచేసరికి బేరానికి సమయం మించిపోయింది.

ఈ ప్రశ్ననే హైదరాబాదుకు వేసి చూడండి. అసఫ్ జాహీ వంశం 1724 నుంచి పాలించింది. 1798లో నిజాం సైన్య సహకార ఒప్పందంలో చేరాడు. సైన్యం ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప ప్రాంతాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. మనం దత్త మండలాలని పిలిచేవి ఇవే. ఆనాటి నుంచి సింహాసనానికి కాపలా ఆంగ్లేయులది. ప్రజలతో రాజీ పడవలసిన అవసరం నిజాంకు రాలేదు. ఆంగ్లేయుల మాట మాత్రం దాటరాదు. బేరారు విషయంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సమాన హోదా కోరినప్పుడు, సార్వభౌమాధికారం బ్రిటిష్ రాజుదేనని 1926లో వైస్రాయి రీడింగ్ కటువుగానే జవాబు రాశాడు.

ఇక రాబడి. సంస్థానం భూమిలో సుమారు అరవై శాతం దివానీ, అంటే ప్రభుత్వ భూమి. ముప్ఫై శాతం దాకా జాగీర్ల కింద ఉండేది. మిగిలిన పది శాతం సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన భూమి. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా సర్ఫెఖాస్‌దే. ఈ సంగతి దగ్గర కొంచెం ఆగాలి. పాలకుడే సంస్థానంలోకెల్లా పెద్ద భూస్వామి. ఆయన కింద పైగా అమీర్లు, జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, వారి కింద వెట్టి చేసే రైతు, కూలి. పార్లమెంటును పన్ను అడగవలసిన ఇంగ్లండు రాజుకూ ఈయనకూ పోలికే లేదు. ఇటువంటి చోట రాజు అధికారాన్ని ప్రశ్నించడం, భూమి ఎవరిదని ప్రశ్నించడం వేరువేరు పనులు కావు.

ఒక విషయం మన పాఠాల్లో తరచు జారిపోతుంది. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ కోరింది గణతంత్రం కాదు. అసఫ్ జాహీ ఛత్రఛాయలోనే బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్నది. అంటే ఇంగ్లండు మార్గం అప్పటికి తెరిచే ఉంది. ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది. అరవముదు అయ్యంగార్ సంఘం సూచనలను అనుసరించి 1939లో ప్రకటించిన సంస్కరణలు శాసనసభకు నిజమైన అధికారం ఇవ్వలేదు. అవి కూడా యుద్ధం పేరుతో వాయిదా పడి, 1946లో అమలయ్యేనాటికి ఎవరికీ పట్టలేదు. ఆ ఏడు జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణంతో రైతుల పోరాటం సాయుధ రూపం దాల్చింది.

1947 జూన్‌లో నిజాం తాను స్వతంత్రుడిగా ఉంటానని ఫర్మానా వెలువరించాడు. నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరినా రజాకార్ల దౌర్జన్యాలు ఆగలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. ఆంగ్లేయులు వెళ్లిన పదమూడు నెలలకే సింహాసనం కూలడాన్ని యాదృచ్ఛికంగా తీసుకోలేం. నిలబెట్టిన ఊతకర్ర పోయింది, కొత్త ఊత కట్టుకోలేదు.

పాలకుడిది ఒక మతం, అధిక సంఖ్యాకులది మరో మతం కావడమే కారణమని కొందరంటారు. ఘర్షణ తీవ్రతకు అది కొంతవరకు కారణమే. కాని మైసూరు, తిరువాన్కూరు రాజులు హిందువులే, వారి రాజ్యాలూ మిగలలేదు. మైసూరులో జరిగిన తేడా వేరు. 1947 అక్టోబరులోనే, ప్రజా ఉద్యమానికి తలొగ్గి, జయచామరాజ వడియార్ బాధ్యతాయుత ప్రభుత్వానికి అంగీకరించారు. 1956లో అదే రాష్ట్రానికి గవర్నరయ్యారు.

హైదరాబాదులో రాజరికం ఒక్కరోజులో పోలేదు. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ దివానీలో కలిసింది. ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. అత్రాఫ్ బల్దా, బాగాత్ కలిసి హైదరాబాదు జిల్లా అయ్యాయి. 1950 జనవరి 26న నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, ఏడాదికి 50 లక్షల రాజభరణంతో. భారతదేశం బ్రిటిష్ రాజును వదిలించుకున్నదీ ఆ రోజే! 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది రాజ్‌ప్రముఖ్ ఎదుటే. ఇంగ్లండు నమూనాకు హైదరాబాదు అత్యంత సమీపంగా వచ్చిన సమయం అదే. అయితే ఆ పదవికి సొంత భూమీ లేదు, సొంత సైన్యమూ లేదు. 1956 నవంబరు 1న పదవి రద్దయింది. 1971లో 26వ సవరణతో రాజభరణాలూ పోయాయి.

నేడు మూసాపేటలో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వెళ్లే విద్యార్థి దారిలో హైదర్‌నగర్‌ను, మియాపూర్ దాటితే హఫీజ్‌పేటను చూడవచ్చు. ఒకప్పుడు ఇవన్నీ నగరానికి ఆవలి పల్లెలు. హైదర్‌నగర్, హఫీజ్‌పేటలలోని పైగా భూముల వారసత్వంపై దాఖలైన దావా నుంచి పుట్టిన వివాదాలు ఈ శతాబ్దంలో కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మీ ఊరి పాత భూమి కాగితాలు దొరికితే అది దివానీనా, జాగీరా, సర్ఫెఖాసా అన్నది చూడండి. ఐటీ కంపెనీల నడుమ ఆ మూడు మాటలు ఇప్పటికీ కోర్టు కాగితాల్లో బతికే ఉన్నాయి.